కిందికి దిగకూడని కారు

గురువారం పొద్దున దొంఫె ఒదుమాంక్వా ఊరి రాజుగారి లోగిలిలో అడుగుపెట్టేసరికి ముసలమ్మ పొట్ట నేలకానించి పడుకుని ఉంది. నాలుగు చక్రాలూ సగానికి పైగా లోపలికి దూరిపోయాయి. నల్లటి బానెట్ మీద రెండు కోళ్లు తీరిగ్గా నిలబడి ఒళ్లు దులుపుకుంటున్నాయి. దొంఫె వాటిని అదిలించి, చక్రం పైని రేకు రెక్కను అరచేత్తో ఒకసారి నిమిరి, పనిముట్ల సంచి కింద పెట్టాడు.

అబెరెవా, అంటే ముసలమ్మ, ఆ కారుకు ఊరు పెట్టిన పేరు. కోకో ధర పండిన రోజుల్లో ఇప్పటి నానాకు, అంటే రాజుకు, ముందరి నానా దాన్ని జర్మనీ నుంచి ఓడలో తెప్పించాడు. ఊరి పల్లకీని చెదలు తిన్న ఏడు అది. అప్పటినుంచి ఏటా ఒడ్విరా పండుగ ఆదివారం రాజు లోగిలి నుంచి సభ జరిగే మైదానం దాకా ఆ కారులోనే వెళ్తాడు. దూరం చూస్తే ఎనిమిది వందల గజాలు ఉండదు. ఆ ఎనిమిది వందల గజాల కోసం ఊరు ఏడాది పొడుగునా దాన్ని మేపాలి.

మేపడమంటే మామూలు మేత కాదు. పెట్రోలు గురించి అడక్కండి, అది తాగదు, పీల్చేస్తుంది. తలుపులకు తాళాలు గాలి గొట్టాలతో పడతాయి కాబట్టి ఒక గొట్టం చిట్లితే నాలుగు తలుపులూ మొండికేస్తాయి. ముందు అద్దం కింద రబ్బరు ఎండిపోయి వానాకాలంలో నీళ్లు కాళ్ల దగ్గరికి వస్తాయి, నీళ్లొచ్చిన చోట తుప్పు, తుప్పు పట్టిన చోట అతుకు. లోపలి చెక్కపని మీద మెరుగు పొరలు పొరలుగా లేచిపోతోంది. ఒక మేకు కావాలన్నా హాంబర్గ్‌కు ఉత్తరం రాయాలి. రాస్తే ఆ మేకు ధరకు ఇక్కడ మేకపిల్ల వస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, గాలి సంచులు ఒక ఎత్తు. వేరే బండ్లు ఇనుప స్ప్రింగుల మీద నిలబడతాయి. ఇది గొప్పింటి బండి కదా, గాలి మీద నిలబడుతుంది. ప్రతి చక్రం దగ్గరా ఒక రబ్బరు సంచి. ఇంజను నడుస్తున్నంతసేపూ ఒక పంపు ఆ సంచుల్లోకి గాలి కొడుతుంది, బండి హుందాగా లేచి నిలబడుతుంది, గోతిలో పడినా లోపలున్నవాళ్ల టోపీ కదలదు. ఇంజను ఆగితే ఉన్న గాలి మీద నిలబడాలి. రబ్బరు కొత్తదైతే వారం నిలబడుతుంది. నలభై అయిదేళ్ల రబ్బరు కాబట్టి నిట్టూర్చి కూలబడుతుంది.

కూలబడితే పడనీ, రాత్రంతా పడుకుని పొద్దున లేస్తుంది అనుకోవచ్చు. ఇంకో ఊళ్లో అయితే అలాగే అనుకునేవారు. కానీ అసాంతె నేల మీద రాజును గద్దె దించడానికి కాగితాలక్కర్లేదు, కోర్టులక్కర్లేదు. పట్టుకుని మూడుసార్లు నేలమీద కూలేస్తారు, అంతే. కూర్చునే భాగం మట్టిని తాకిన మనిషి మళ్లీ రాజు కాడు. పోయిన ఏడాది పండుగకు మైదానం చేరాక, నానా ఇంకా లోపల ఉండగానే, ముసలమ్మ అందరి కళ్లెదుటా నాలుగు వేళ్ల మేర కిందికి దిగింది. నానా నేలను తాకలేదు, నిజమే. కానీ సంతలో చేపలమ్మే ఆడవాళ్లకు ఆ మాత్రం చాలు. ఒకటి అయింది, ఇంక రెండున్నాయి అని ఏడాదంతా నవ్వారు.

దొంఫె ఇంజను మూత తెరిచేలోపే వెనక నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే ఫొర్జూర్. ఊరికి క్రొంతిహెనె ఆయన, రాజు తర్వాత రాజంతటి పెద్ద. డెబ్బై దాటినా వెదురులా నిటారుగా ఉంటాడు. ముప్పై ఏళ్లు సర్వే ఆఫీసులో గుమాస్తాగా చేసి, గవర్నమెంటు పెన్సిల్‌ను కూడా చివరి అంగుళం దాకా వాడిన మనిషి. పెద్దల ముందు బట్టను భుజం మీద నుంచి నడుముకు దించి నిలబడటం మర్యాద. దొంఫె కట్టుకున్నది బట్ట కాదు, ఫిట్టర్ల నీలం డంగ్రీ. గుండీలు విప్పి, పై సగాన్ని నడుము దాకా జార్చి, బనీనుతో నిలబడ్డాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే పద్ధతి.

"ఏం ఫిట్టరూ, లేస్తుందా మీ అవ్వ?"

"మా అవ్వేంటి పెద్దయ్యా, మనందరి అవ్వ. లేపుతాను."

"అందరి అవ్వ కాబట్టే అందరి జేబులూ ఖాళీ చేసింది. ఈ యేడు దీనికైన ఖర్చుతో బడికి రెండు గదులొచ్చేవి. లెక్క చూపించమంటావా?"

"వద్దు పెద్దయ్యా, నేను చదువుకున్నవాణ్ణి కాదు."

"బిల్లులు రాసేటప్పుడు మాత్రం బాగానే చదువొస్తుంది నీకు." ఫొర్జూర్ కర్రతో కారు వెనక చక్రాన్ని తట్టాడు. "విను. నిన్న సభలో తేల్చాం. ఆదివారం నానా లోపల ఉండగా ఇది కిందికి దిగిందా, సోమవారం పొద్దున ముక్కలవుతుంది. అత్తా బిరాగోకి కబురు కూడా పంపాను, ఇనుము తూచి తీసుకుంటుంది."

దొంఫె చూపు కర్ర తగిలిన చక్రం మీదే ఉంది. "దిగిందో లేదో ఎవరు చెబుతారు?"

"నేనే. ఇంకెవరు చెబుతారు?"

"అంతేలెండి," అన్నాడు దొంఫె. అనక తప్పదు కాబట్టి అన్నాడు. ముసలాయన పండుగ కోసం కాదు, ఆ కారు కూలబడటం కళ్లారా చూడటం కోసమే ఆదివారం దాకా ప్రాణం బిగబట్టి ఉన్నాడని అతనికి గట్టి నమ్మకం.

దొంఫెకు ఇరవయ్యేళ్లప్పుడు కుమాసిలోని సుయామె మెకానిక్కుల వాడలో అతని గురువు ఈ కారు కిందికే మొదటిసారి దూరమన్నాడు. దూరినవాడు సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఆ తర్వాత పెళ్లి, పిల్లలు, సొంత షెడ్డు అన్నీ వచ్చాయి కానీ, ఇంజను స్టార్టవగానే ఆ పొడవాటి బండి మెల్లగా, ముందు వెనకవైపు, తర్వాత ముందువైపు లేచి నిలబడటం చూస్తే అతనికి ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. పెళ్లాం ఎఫువా అప్పుడప్పుడు దెప్పుతుంది, నేను లేస్తుంటే ఒక్కసారైనా అలా చూశావా అని. చూడలేదు, పాపం, ఆవిడ చెప్పింది నిజమే.

సబ్బునీళ్లు కలిపి, ఇంజను వేసి, ఒక్కొక్క సంచికీ పూశాడు. ముందువి రెండూ పర్వాలేదు. కుడి వెనకది సన్నగా బుడగలేసింది. ఎడమ వెనకది మాత్రం కల్లు కుండలో నురగలా పొంగింది. మడత దగ్గర రబ్బరు ఈ చివర నుంచి ఆ చివరకు పగిలిపోయింది. అది అతుకులకు లొంగే పగులు కాదు. కొత్తది తెప్పించాలంటే తొమ్మిది వేల సెడీలు, ఆరు వారాలు. చేతిలో ఉన్నది మూడు రోజులు.

మధ్యాహ్నానికి సుయామె చేరి తిన్నగా అత్తా బిరాగో దుకాణానికి వెళ్లాడు. దుకాణమంటే చచ్చిన బండ్ల శ్మశానం. తలుపుల గుట్ట ఒకవైపు, గేరుబాక్సుల గుట్ట ఒకవైపు, మధ్యలో చాప మీద కెంకె ముద్ద తుంచి వేయించిన చేపతో నంజుకుంటూ అత్తా. పాత బండ్లు కొని విరగ్గొడుతుంది, విరిగిన వాటిలో బతికున్నవి అమ్ముతుంది.

"రా మాస్టరూ, రా. కన్నీళ్లు తుడుచుకోడానికి గుడ్డ కావాలా?"

"అప్పుడే ఏడవనమ్మా. నాకు గాలి సంచి కావాలి, ఒక్కటి."

"సోమవారం నాలుగూ నా దగ్గరికే వస్తాయిగా. అప్పుడు రా, చవగ్గా ఇస్తా."

"నీ నోట్లో ఈ చేపముల్లు గుచ్చుకోవాలి."

అత్తా పకపకా నవ్వింది. నవ్వడం అయ్యాక చేయి కడుక్కుని, లేచి, టైర్ల వెనక తడుముతూ చాలాసేపు వెతికింది. చివరకు ఒక నల్లటి రబ్బరు సంచిని తెచ్చి అతని ఒళ్లో పడేసింది. పెద్ద బస్సుది. పగుళ్లు లేవు, మెత్తగా ఉంది, కానీ మూతి రెండు వేళ్లు ఎక్కువ వెడల్పు.

"ఇదెలా సరిపోతుంది? ఇది ఏనుక్కి, నాది ముసలమ్మ."

"ముప్పై ఎనిమిదేళ్లు ఫిట్టరుగా చేసి నన్నడుగుతావేం? సరిపోయేది తెచ్చి బిగించడానికి ఫిట్టరెందుకు, మా మనవరాలు చాలు."

"ఎంత?"

"నిలబడితే ఆరు వందలు. కూలబడితే ఒక్క పైసా వద్దు, సోమవారం కారుతో పాటే నా సంచి నాకొస్తుంది." వేలితో అతని నుదురు పొడిచింది. "ఎటు పడినా నాకే లాభం. అయినా నిలబెట్టు మాస్టరూ. మా అమ్మ నన్నూ మా చెల్లినీ భుజాల మీదెక్కించుకుని ఆ కారునే చూపించింది. దాన్ని సుత్తితో కొట్టాలంటే నాకు చేయి రాదు."

శుక్ర, శనివారాలు దొంఫె నేలకు వీపు ఆన్చే గడిపాడు. బస్సు సంచికి లారీ చక్రం నుంచి కోసిన ఇనుప పట్టీ చుట్టి, మూతిని బలవంతంగా కుదించి, పాత సైకిల్ ట్యూబు పొరలు మధ్యలో పెట్టి బిగించాడు. మొదటిసారి గాలి కొట్టినప్పుడు ముసలమ్మ ఎడమ తుంటి మాత్రమే లేచి, కుడిపక్కకు ఒరిగి, సంతలో బేరమాడే ఆడమనిషిలా నిలబడింది. మళ్లీ విప్పాడు. శనివారం మధ్యాహ్నానికి బండి సమంగా నిలబడింది. ఇంజను ఆపి, గోడ నీడన కూర్చుని చూశాడు. అయిదు నిమిషాలకు ఏమీ లేదు. పది నిమిషాలకు వేలెడు దిగింది. పావుగంటకు జానెడు. ఇంజను వేశాడు, లేచింది. మూడుసార్లు చేసి చూశాడు, మూడుసార్లూ అదే లెక్క.

నానా బెడియాతువొ లోపలి నుంచి వచ్చాడు. భారీ మనిషి, మెడ దగ్గర మొదలైన నవ్వు పొట్ట దాకా దిగితే గానీ బయటికి వినబడదు. దొంఫె డంగ్రీ జార్చబోతే చేత్తో ఆపాడు.

"నిజం చెప్పు దొంఫె. రేపు ఎక్కమంటావా?"

దొంఫె నూనె చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "ఇంజను ఆడుతున్నంతసేపూ దిగదు నానా. నా మాట."

"ఆగితే?"

"ఆగితే పావుగంట. ఎండలో నడక వేగంతో పోతే పెట్రోలు గొట్టంలోనే మరిగిపోతుంది, ఇంజను చచ్చిపోతుంది. రేపు ఎండ కాస్తే చెప్పలేను."

"ఎక్కకపోతే?"

"ఎక్కకపోతే మీ గద్దెకు ఏమీ కాదు."

"నీ కారు?"

 రాజు వంగి, కారు రెక్క మీద కోడి వదిలిన మచ్చను బొటనవేలితో గీరి తీసేశాడు.

"మూడుసార్లు మోకాలెత్తి మెట్లెక్కితేనే ఆయాసమొస్తోంది నాకు. రేపు మైదానం దాకా నడిపిస్తావా నన్ను? ఎక్కుతాను. ఎండ సంగతి ఎండ చూసుకుంటుంది."

ఆదివారం ఎండ పొద్దున్నుంచే పళ్లు చూపించింది.

పదకొండింటికి ఊరేగింపు కదిలింది. ముందు బంగారు పిడుల కత్తులవాళ్లు, తర్వాత కొమ్ములు ఊదేవాళ్లు, వాళ్ల వెనక ఫొంతొంఫ్రొం డప్పులను తలల మీద పెట్టుకున్నవాళ్లు, వాటిని వెనక నుంచి వాయిస్తూ నడిచేవాళ్లు, తర్వాత ముసలమ్మ. పైకప్పు తెరిచి ఉంది. వెనక సీటు మీద మూడు దిండ్లు వేసి కూర్చోబెడితే నానా తలా భుజాలూ బయటికి కనిపిస్తున్నాయి. మోచేతుల దాకా బంగారం. కారు నాలుగు వైపులా గొడుగులు పట్టినవాళ్లు వాటిని ఎగరేస్తూ తిప్పుతూ నడుస్తున్నారు. కారు వెనకే, తన గొడుగు కింద, పచ్చా ఎరుపు కెంతె బట్ట కట్టుకుని ఫొర్జూర్. పండుగ రోజున స్టీరింగు దగ్గర కూర్చునేది దొంఫెనే, ఈ బండి మూడ్ ఇంకెవరికీ అంతుపట్టదు కాబట్టి.

నాలుగు వందల గజాలు బాగానే నడిచింది. అయిదు వందలు నడిచింది. దొంఫె కళ్లు వేడి చూపే ముల్లు మీదే ఉన్నాయి. డప్పులు ఒకచోట నిలిచి వాయించసాగాయి, కత్తులవాళ్లు నాట్యం మొదలుపెట్టారు, ఊరేగింపు ఆగింది. ఆగితే గాలి ఆడదు. గాలి ఆడకపోతే పెట్రోలు మరుగుతుంది. దొంఫె కాలితో యాక్సిలరేటరును మెల్లగా, మెల్లగా నొక్కుతూ ఇంజనును బుజ్జగించాడు. అది ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. మూడోసారి దగ్గకుండానే ఆగిపోయింది.

తాళం తిప్పాడు. మోటారు తిరిగింది, ఇంజను పట్టుకోలేదు. మళ్లీ తిప్పాడు. లేదు.

వెనక ఎడమ పక్క నుంచి సన్నగా ఉస్సుమనే శబ్దం. అంత డప్పుల మోతలోనూ అతనికి అదొక్కటే వినిపించింది.

"ఆగిందా?" నానా తల వంచకుండా, పెదవులు కదపకుండా అడిగాడు. జనం చూస్తున్నారు కదా.

"ఆగింది నానా. తడిగుడ్డ వేస్తే అయిదారు నిమిషాల్లో చల్లబడొచ్చు. దిగి వేసి రానా?"

"నువ్వు దిగి మూత ఎత్తితే ఊరంతా చూస్తుంది. కూర్చో."

"కూర్చుంటే కారు దిగుతుంది నానా."

"మనమిద్దరం కలిసి దిగుదాంలే," అన్నాడు నానా. ఆ స్థితిలోనూ ఆయన పొట్ట కదలడం దొంఫెకు అద్దంలో కనిపించింది. కానీ ఆ మెడ మీద చెమట ధారలు కట్టడం కూడా కనిపించింది. దిగి నడిచిపోవడానికి లేదు. నడివీధిలో రాజు వాహనం నుంచి దిగితే దాన్ని దిగడమనరు, పడేయడమంటారు.

వేలెడు దిగింది. వీధి పక్కన అరుగు మీద నిలబడిన ఆడవాళ్లలో ఒకామె పక్కనామెను మోచేత్తో పొడిచింది. మాట పాకింది. ఒక్కొక్కరే డప్పులవైపు చూడటం మానేసి కారు వెనకవైపు చూడసాగారు. ఎవరూ నవ్వలేదు. ఏడాది పొడుగునా నవ్విన చేపలమ్మలు కూడా నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. రెండు వేళ్లు. ముందు అద్దంలోంచి చూస్తుంటే దొంఫెకు బానెట్ పైకి లేస్తున్నట్టు అనిపించింది, వెనక కుంగిపోతోంది కదా మరి. అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కారు ముక్కలైపోతుందని ఒక ఏడుపు, నానాను తన చేతులతో తెచ్చి నేలకు దించుతున్నానని ఇంకో ఏడుపు. రెండో దాని ముందు మొదటిది చిన్నదైపోయింది.

అద్దంలో ఫొర్జూర్ కనిపించాడు. ఆయన కళ్లు బంపరు మీదే ఉన్నాయి. చూడు, కళ్లారా చూడు, అనుకున్నాడు దొంఫె.

ఫొర్జూర్ చేతికర్రను పక్కవాడి చేతిలో పెట్టాడు. చెప్పడానికి ఏదో సిద్ధం చేసుకుంటున్నాడనిపించింది. తర్వాత ఆయన భుజం మీది కెంతె బట్టను లాగి నడుముకు చుట్టి ముడేశాడు. ఎండిన ఒళ్లు, తెల్లటి ఛాతీ వెంట్రుకలు. రెండడుగులు వేసి, మోకాళ్లు వంచి, ఆ ముసలి చేతులు రెండూ బంపరు కిందికి పోనిచ్చి పట్టుకున్నాడు.

దొంఫె తన కళ్లను నమ్మలేదు. వెనక్కి తిరిగి కిటికీలోంచి తల బయట పెట్టాడు. ఫొర్జూర్ పళ్లు బిగబట్టి ఉన్నాడు, మెడ నరాలు తేలాయి. కారు కుంగకుండా ఆగుతుందా, ఒక ముసలాయన పట్టుకుంటే? ఆగలేదు. ఆయన పట్టు మాత్రం వదల్లేదు.

"చూస్తారేంరా," అని అరిచాడు. "నానా కిందికి పోతున్నారు. రండ్రా, పట్టండి."

గొడుగులవాడు గొడుగు ఎవరికో అంటగట్టి వచ్చాడు. కత్తులవాళ్లు కత్తులు వదిలి వచ్చారు. అరుగు మీద నుంచి చేపలమ్మలు దూకారు. ఆకుపచ్చ పండుగ బట్టలో అత్తా బిరాగో జనాన్ని మోచేతులతో చీల్చుకుంటూ వచ్చింది. చక్రం పైన రెక్క అంచు ఎక్కడ పట్టుకుంటే ఊడదో ఆవిడకు తెలుసు మరి, బండ్లు విరగ్గొట్టిన మనిషి. "అక్కడ కాదురా వెధవా, అక్కడ తుప్పు. ఇక్కడ పట్టు," అని కేకలేస్తూ చేతులు సర్దింది. ముప్పై జతల చేతులు. బండినంతా ఎత్తనక్కర్లేదు, ఒంటిని చక్రాల మీద నుంచి కిందికి పోకుండా నిలిపితే చాలు. నిలిపారు. నిలపడమేంటి, నాలుగు వేళ్లు పైకే లేపారు.

దొంఫె గేరు తీసేశాడు. వాళ్ల తోపుకు కారు మెల్లగా ముందుకు కదిలింది.

డప్పులవాళ్లలో పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. అప్పటిదాకా వాయిస్తున్న దరువు ఆపేశాడు.  తర్వాత పల్లకీ దరువు ఎత్తుకున్నాడు, ఊళ్లో సగం మంది పుట్టాక ఒక్కసారి కూడా వినని దరువు. ఆ దరువుకు పల్లకీ మోసేవాళ్లు రెండడుగులు ముందుకేసి ఒక్కసారి ఊగుతారు. ఇక్కడ నేర్పినవాళ్లెవరూ లేరు. అయినా ముప్పై మందీ రెండడుగులు వేసి ఊగారు. ముసలమ్మ ఊగింది. దిండ్ల మీద నానా ఊగి, రెండు చేతులూ చాచి, అరచేతులు తిప్పి, పల్లకీలో రాజు ఆడే ఆట మొదలుపెట్టాడు. భుజాలతో ఆడాడు, తలతో ఆడాడు, బంగారం గలగల్లాడింది. ఊరు గొంతెత్తింది. స్టీరింగు పట్టుకున్న దొంఫె చిన్నపిల్లాడిలా ఏడుస్తూ నవ్వుతున్నాడు, తుడుచుకోడానికి చేయి ఖాళీ లేదు.

మూడు వందల గజాలు అలాగే నడిచారు. మైదానంలో రాజు ఆసనం ముందు కారు ఆగింది. చెప్పులు తెచ్చి నానా పాదాలకు తొడిగారు. ఆయన తలుపులోంచి బయటికొచ్చి, నిలబడి, గాలి గట్టిగా పీల్చుకున్నాడు. తర్వాత ఒచ్యామె చెవిలో ఏదో చెప్పాడు. సభలో రాజు నేరుగా మాట్లాడడు, బంగారు పిడి కర్ర పట్టుకున్న ఈ ఒచ్యామె నోటితోనే మాట్లాడతాడు.

ఒచ్యామె కర్ర ఎత్తాడు. మైదానం సద్దుమణిగింది.

"క్రొంతిహెనె గారిని నానా ఒక మాట అడగమంటున్నారు. పోయిన బుధవారం సభలో ఒక మాట అనుకున్నాం. నానా లోపల ఉండగా కారు కిందికి దిగితే సోమవారం ముక్కలు చేయాలని. దిగిందీ లేనిదీ మీరే చెప్పాలని. చెప్పండి మరి. దిగిందా?"

అందరూ వెనక్కి తిరిగారు. ఫొర్జూర్ ఇంకా బంపరు పట్టుకునే ఉన్నాడు. కెంతె బట్టంతా నూనె మరకలు. ఒక మోచేయి చర్మం లేచి రక్తం కారుతోంది. ఆయాసంతో మాట రావడానికి కాస్త టైము పట్టింది.

"నేను పట్టుకునుంటే," అన్నాడు, "ఎలా దిగుద్దయ్యా?"

మైదానం అంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. నానా నవ్వు మెడ దగ్గర మొదలై పొట్ట దాకా దిగి, అక్కడి నుంచి మైదానం అవతలి చివరకు వెళ్లింది. కొమ్ములు ఊదారు, తుపాకులవాళ్లు ఆకాశంలోకి పేల్చారు. దొంఫె డంగ్రీ గుండీలు ఒక్కొక్కటే విప్పి, పై సగం నడుముకు జార్చి, బనీనుతో ఫొర్జూర్ ముందు వెళ్లి నిలబడ్డాడు. ఇన్నేళ్లూ ఈ ముసలమ్మ బాధ తన ఒక్కడిదే అనుకున్నాడు. మిగతావాళ్లకు అది ఖర్చు, తనకు మాత్రమే ప్రాణం అనుకున్నాడు. ఆ అనుకోవడానికి ఇప్పుడు సిగ్గేసింది, సిగ్గుతో పాటు చెప్పలేనంత సంతోషమూ వేసింది.

"పెద్దయ్యా, ఇంక వదిలేయండి. నానా దిగారు కదా. ఇప్పుడు అది కూలబడినా పర్వాలేదు."

ఫొర్జూర్ అతని మొహంలోకి చూశాడు. పక్కనున్న చేపలమ్మను చూశాడు. ఆమె అత్తా బిరాగోను చూసింది. అత్తా ఆకాశంవైపు చూసింది.

"ముందు వాళ్లని వదలమను," అన్నాడు ఫొర్జూర్.

దొంఫె అందరివైపూ తిరిగాడు. "వదలండమ్మా, వదలండయ్యా. ఏం కాదు."

ఎవరూ చేతులు తీయలేదు.